నెత్తుటిలో కొడవలి, మనసులో గాయం

బస్తరు అడవుల్లో సికిల్ సెల్ వ్యాధితో పెరిగి పెద్దవారైన వారికి మందు ఎంత అవసరమో, వారి బాధను నమ్మి వినే మనిషి కూడా అంతే అవసరం.

ఏప్రిల్, మే నెలల్లో బస్తరు అడవుల్లో తునికాకు కోతలు సాగుతాయి. పొద్దు పొడవక ముందే ఇంటిల్లిపాదీ అడవికి బయలుదేరతారు. కోసిన ఆకును యాభై చొప్పున కట్టలు కట్టి కల్లానికి చేర్చాలి. ఏడాదిలో చాలా భాగం చేతిలో కాసు ఆడని కుటుంబాలకు ఆ కొద్ది వారాలే రొక్కం కళ్లజూసే కాలం. ఆ రోజుల్లో ఒక మనిషి పని మానితే ఆ లోటు ఇల్లంతటికీ తెలుస్తుంది.

అలాంటి వేళ ముప్పై ఏళ్ల యువకుడు ఒకడు పక్క మీది నుంచి లేవలేకపోయాడని ఊహించండి. నిన్నటిదాకా అందరితో పాటు పనిచేసినవాడే. ఒంటిమీద దెబ్బ లేదు, వాపు లేదు. కాని తొడ ఎముకల్లో, నడుములో, రొమ్ములో సుత్తితో మోదుతున్నట్లు నొప్పి. కళ్లు పచ్చగా ఉన్నాయి. చూడవచ్చినవారిలో ఒకరు కామెర్లంటారు, ఒకరు సారా అంటారు, మరొకరు ఒళ్లు వంగని సోమరితనమంటారు. నాలుగైదు రోజులకు నొప్పి తగ్గుతుంది. అతడు లేచి నడుస్తాడు. దానితో ఇరుగుపొరుగువారి అనుమానం కాస్తా నిశ్చయమవుతుంది: "రోగమే అయితే ఇంత త్వరగా ఎలా పోతుంది?"

వంశపారంపర్యంగా వచ్చే సికిల్ సెల్ వ్యాధితో జీవించే వయోజనుల కష్టంలో సగం ఈ ప్రశ్నలోనే ఉంది. నొప్పి ఒక బాధ. ఆ నొప్పిని ఎవరూ నమ్మకపోవడం రెండో బాధ. మొదటిదానికి మందులున్నాయి. రెండోదానికి మందు దుకాణంలో దొరికేది ఏదీ లేదు. అయినా దానికీ చికిత్స ఉంది, అది మన చేతిలో ఉన్నదే.

కణం వంకర పోతే

ఆరోగ్యవంతుని రక్తంలో ఎర్ర కణాలు గుండ్రంగా, మెత్తగా ఉంటాయి. వెంట్రుక కన్నా సన్నని నాళాల్లో సైతం వంగి దూరిపోతాయి. సికిల్ సెల్ వ్యాధిలో, కణంలోని హిమోగ్లోబిన్ తాను మోసుకొచ్చిన ప్రాణవాయువును విడిచిపెట్టగానే, దాని అణువులు ఒకదానికొకటి అతుక్కుని కడ్డీలవుతాయి. కణం బిరుసెక్కి కొడవలిలా వంకర పోతుంది. అలాంటి కణాలు సన్నని నాళాల్లో చిక్కుకుని రక్తప్రవాహానికి అడ్డుపడతాయి. రక్తం అందని చోట నొప్పి పుడుతుంది. మామూలు ఎర్ర కణం సుమారు 120 రోజులు బతుకుతుంది. కొడవలి కణం 10 నుంచి 20 రోజుల్లోనే చితికిపోతుంది. రక్తహీనతకూ, కళ్లు పచ్చబడడానికీ కారణం ఇదే. సారాకూ దీనికీ సంబంధం లేదు.

గ్రెనడా ద్వీపం నుంచి వచ్చిన ఒక దంతవైద్య విద్యార్థి రక్తంలో ఇటువంటి కణాలను చూసి, 1910లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ మొదటిసారి వైద్య పత్రికలో వర్ణించారు. ఈ జబ్బుకు మూలం హిమోగ్లోబిన్ అణువు నిర్మాణంలోనే ఉన్నదని 1949లో లైనస్ పాలింగ్, ఆయన సహచరులు నిరూపించారు. ఆ అణువులోని ఒక గొలుసులో ఆరో స్థానాన గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ అనే మరో పదార్థం చేరడమే తేడా అంతా అని కొన్నేళ్లకు వెర్నన్ ఇంగ్రామ్ తేల్చారు. మన దేశంలో ఈ లక్షణాన్ని 1952లో నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు.

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు లోప జన్యువులు వచ్చినప్పుడు వ్యాధి కలుగుతుంది. ఒకటే వస్తే ఆ మనిషి వాహకుడు మాత్రమే. సాధారణంగా ఆరోగ్యంగానే జీవిస్తాడు. దంపతులు ఇద్దరూ వాహకులైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు, బిడ్డ వాహకమయ్యే అవకాశం సగం, ఏ దోషమూ లేకుండా పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒక బిడ్డకు జబ్బు వచ్చినంత మాత్రాన తరువాతి ముగ్గురికీ రాదని దీని అర్థం కాదు. ప్రతి కాన్పుకూ లెక్క మొదటి నుంచే మొదలవుతుంది.

బస్తరులోనే ఎందుకు?

ఒక్క లోప జన్యువు ఉన్నవారికి ప్రాణాంతకమైన మలేరియా నుంచి కొంత రక్షణ లభిస్తుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో చేసిన పరిశోధనల వల్ల వెల్లడయింది. తరతరాలుగా మలేరియాతో సహజీవనం చేసిన అటవీ ప్రాంతాల్లో ఈ జన్యువు నిలిచిపోవడానికి కారణం అదే. ఇంద్రావతి, శబరి నదుల పరీవాహకంలోని బస్తరు అటువంటి ప్రాంతం. అక్కడ ప్రభుత్వం 2020లో మలేరియా నిర్మూలనకు ప్రత్యేక ఉద్యమమే నడపవలసి వచ్చిందంటే ఆ జ్వరం పట్టు ఎంతటిదో గ్రహించవచ్చు. పూర్వీకులను కాపాడిన జన్యువే రెండింతలైనప్పుడు వారి వారసులను బాధిస్తున్నది. అయితే జబ్బు ఉన్నవారికి ఆ రక్షణ కూడా లేదు. వారికి మలేరియా మరింత ప్రమాదకరం.

దేశంలోని గిరిజన జనాభాలో ప్రతి 86 జననాలలో ఒక బిడ్డకు ఈ వ్యాధి ఉంటుందని కేంద్ర ప్రభుత్వపు అంచనా. ఇది గిరిజనులకే పరిమితమైన రోగం మాత్రం కాదు. ఛత్తీస్‌గఢ్‌లో వ్యవసాయ కులాలలో, షెడ్యూల్డు కులాలలో కూడా కనిపిస్తుంది. రాష్ట్ర రాజధాని రాయపూర్‌లో దీని కోసమే ఒక సంస్థ పనిచేస్తున్నది. కాని జగదల్‌పూర్ నుంచి రాయపూర్‌కు దాదాపు మూడు వందల కిలోమీటర్లు. జగదల్‌పూర్ చేరడమే సుక్మా, బీజాపూర్ అడవుల్లోని పల్లెలకు ఒక ప్రయాణం. పైగా దశాబ్దాల పాటు సాగిన హింస అక్కడి రోడ్లనూ, ఆసుపత్రులనూ, మనుషుల నిద్రనూ చెడగొట్టింది.

ఇది తెలుగు పాఠకులకు దూరదేశపు సమాచారం కాదు. వరంగల్లు కాకతీయ వంశీయుడు అన్నమదేవుడు తమ మూలపురుషుడని బస్తరు రాజవంశం చెప్పుకునేది. కోంటా, భోపాలపట్నం పరిసరాల్లో నేటికీ తెలుగు వినిపిస్తుంది. దక్షిణ బస్తరు నుంచి ఏటా ఎందరో కూలీలు మిరప కోతలకు గోదావరి దాటి తెలంగాణకు వస్తారు. మన చేలగట్టు మీద నడుము పట్టుకుని కూలబడిన కూలీ రక్తంలో ఏముందో మేస్త్రీకి తెలియదు. చాలాసార్లు ఆ కూలీకీ తెలియదు.

డాక్టరు చూడని నొప్పి

ఒకప్పుడు ఈ వ్యాధితో పుట్టినవారిలో చాలామంది పసితనంలోనే కన్నుమూసేవారు. టీకాలు, సూక్ష్మజీవి నాశక మందులు, సకాలంలో రక్తమార్పిడి వారి ఆయుర్దాయాన్ని పెంచాయి. హైడ్రాక్సీయూరియా అనే మాత్ర వయోజనుల్లో నొప్పి దాడులను దాదాపు సగానికి తగ్గిస్తుందని 1995లో అమెరికాలో జరిగిన పరీక్షలు నిరూపించాయి. నేడు మన ప్రభుత్వ ఆసుపత్రులలో కూడా ఈ మందును వాడుతున్నారు. ఫలితంగా నిన్నటి రోగగ్రస్త శిశువులు నేడు పెద్దవారై పనికి పోతున్నారు, పెళ్లాడుతున్నారు, బిడ్డల్ని కంటున్నారు. వైద్యం వారిని బతికించింది. అలా బతికినవారు రోజు ఎలా గడుపుతున్నారన్న ప్రశ్న మాత్రం ఆలస్యంగా మొదలయింది.

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో 232 మంది వయోజన రోగులు ఆరు నెలల వరకు ప్రతి రోజూ తమ నొప్పిని దినచర్యలో నమోదు చేశారు. 2008లో ప్రకటించిన ఫలితాలు వైద్యులనే విస్మయపరచాయి. మొత్తం రోజులలో సగానికి పైగా, అంటే నూటికి 54 రోజులకు మించి, వారు నొప్పితోనే గడిపారు. దాదాపు ముప్పై శాతం మందికి నొప్పి లేని రోజంటూ దాదాపు లేదు. కాని వారు ఆసుపత్రి గడప తొక్కినది నూటికి మూడు నాలుగు రోజులే! తక్కినదంతా ఇంట్లో, పొలంలో, బస్సులో, ఆఫీసులో మౌనంగా భరించిన నొప్పి. అదే అధ్యయనంలో నాలుగో వంతుకు పైగా రోగులు మానసిక కుంగుబాటుతో ఉన్నట్లు తేలింది. కుంగుబాటు ఉన్నవారికి నొప్పి రోజులు కూడా ఎక్కువే. నొప్పి మనసును కుంగదీస్తుంది. కుంగిన మనసు నొప్పిని పెంచుతుంది. ఒకదానికే చికిత్స చేస్తే ఈ విషవలయం తెగదు.

వైద్య సౌకర్యాలకు కొదవలేని దేశాల్లో కూడా రోగి మాట నమ్మించుకోవడం కష్టంగానే ఉంది. 2019లో లండన్ ఆసుపత్రిలో చేరిన 21 ఏళ్ల సికిల్ సెల్ రోగి తనకు ప్రాణవాయువు కావాలంటూ పడక మీది నుంచే అత్యవసర సేవలకు ఫోను చేయవలసి వచ్చింది. ఆ తరువాత అతడు మరణించాడు. దాని పర్యవసానంగా 2021లో బ్రిటిషు పార్లమెంటు సభ్యుల అఖిలపక్ష బృందం ఒక నివేదిక వెలువరించింది. "ఎవరూ వినడం లేదు" అన్నది దాని పేరు.

లండన్‌లో రోగీ, డాక్టరూ ఒకే భాష మాట్లాడతారు. బస్తరులో అదీ లేదు. రోగి భాష గోండీ, హల్బీ, దోర్లీ, ధుర్వీలలో ఏదైనా కావచ్చు. డాక్టరు హిందీలో అడుగుతారు. "ఎక్కడ నొప్పి?" అన్న ప్రశ్నకు జవాబు వస్తుంది. "రాత్రుళ్లు ఏమి ఆలోచిస్తారు?" అన్న ప్రశ్నకు పరాయి భాషలో జవాబు రాదు.

కార్డు చెప్పనిది

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన ఉద్యమం ప్రారంభమయింది. 17 రాష్ట్రాలలో 40 ఏళ్ల లోపు వారు ఏడు కోట్ల మందికి రక్తపరీక్ష చేయడం, 2047 నాటికి ఈ వ్యాధి ప్రజారోగ్య సమస్యగా మిగలకుండా చేయడం దాని లక్ష్యం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ మూడూ ఆ జాబితాలో ఉన్నాయి. పరీక్ష చేయించుకున్నవారికి ఫలితం తెలిపే కార్డు ఇస్తారు. ఇది మెచ్చదగిన ప్రయత్నం. ఎన్నో తరాలు పేరు తెలియని జబ్బుతో పోయాయి. పేరు తెలియడమే ఒక ఊరట.

కాని ఆ కార్డు అందుకున్న ఇరవై ఏళ్ల యువతి ఇంటికి వెళ్లి ఏమి చేస్తుంది? దాన్ని పెట్టెలో దాచవచ్చు. తల్లికి కూడా చెప్పకపోవచ్చు. తాను వాహకమే తప్ప రోగి కాదన్న తేడా ఆమెకు ఎవరైనా విడమరచి చెప్పారా? చెప్పకపోతే, ఒంట్లో ఏ జబ్బూ లేని మనిషి జీవితాంతం తనను రోగిగా భావించుకుంటుంది.

ఈ ప్రమాదం ఊహాజనితం కాదు. అమెరికాలో 1970 దశకం మొదట్లో పలు రాష్ట్రాలు సికిల్ సెల్ పరీక్షలను నిర్బంధం చేశాయి. వాహకులకూ, రోగులకూ తేడా తెలియని అధికారులు ఆరోగ్యవంతులకు ఉద్యోగాలు, జీవిత బీమా నిరాకరించారు. అక్కడి వైమానిక దళ అకాడమీ 1981 వరకు వాహకులను చేర్చుకోలేదు. గ్రీసు దేశంలో ఓర్కొమెనోస్ అనే ఊళ్లో పరీక్షలు చేసి, వాహకులు తమలో తాము పెళ్లాడవద్దని సలహా ఇచ్చారు. కొన్నేళ్ల తరువాత పరిశోధకులు వెళ్లి చూస్తే, వాహకులలో కొందరు పెళ్లిచూపుల్లో ఆ సంగతి దాచిపెట్టారని తేలింది. జబ్బుతో పుట్టే పిల్లల సంఖ్య తగ్గలేదు. ఊళ్లో కళంకం మాత్రం మిగిలింది. 1974లో వెలువడిన ఆ అధ్యయనం నేటికీ చదవదగినది. మనిషితో మాట్లాడకుండా కాగితం చేతికిస్తే ఏమవుతుందో అది చెబుతుంది.

గోండు తెగల్లో మేనరికం పాత ఆచారం. తెలుగువారికీ అది కొత్త కాదు. మేనమామ కూతుర్ని చేసుకోవద్దని చెప్పడమంటే ఒక పెళ్లి ఆపడమే కాదు, రెండు కుటుంబాల మాటను కాదనడం. ఆ విషయం ఎత్తేవారికి రక్తం గురించే కాక బంధుత్వాల గురించి కూడా తెలిసి ఉండాలి. పైగా బిడ్డకు జబ్బు ఉన్నదని తెలిసిన క్షణం నుంచి నింద తల్లి మీదికి పోతుంది. జబ్బు రావాలంటే తండ్రి నుంచి కూడా జన్యువు అంది తీరాలన్న ఒక్క వాక్యాన్ని భర్తకూ, అత్తమామలకూ కూర్చోబెట్టి చెప్పడం కూడా మానసిక చికిత్సే. ఆ వాక్యం ఎన్నో కాపురాలను నిలబెట్టగలదు.

మనోధైర్యం అంటే ఏమిటి?

"ధైర్యంగా ఉండు" అని భుజం తట్టడం మానసిక సహాయం కాదు. దానికి ఒక క్రమం ఉంది.

మొదటిది నమ్మకం. రోగి నొప్పి అంటే నొప్పే. దానిని కొలిచే యంత్రం లేదు; అతని మాటే కొలమానం.

రెండోది వివరణ. నీళ్లు తక్కువ తాగడం, ఎండలో శ్రమ, చలి, జ్వరం నొప్పిని రేపుతాయని తెలిసిన మనిషి తన రోజును కొంతవరకు తానే దిద్దుకోగలడు. పనిని మధ్య మధ్య విరామంతో పంచుకోవడం, నీళ్ల బుర్ర వెంట ఉంచుకోవడం, చలి రాత్రి వెచ్చగా పడుకోవడం చిన్న విషయాలే. కాని "ఇది నా చేతిలో ఉంది" అన్న భావన చిన్నది కాదు. చదువు రానివారు సైతం నొప్పి వచ్చిన రోజున కాలెండరు మీద గీత పెట్టవచ్చు. ఆ గీతలు డాక్టరుకు చెప్పే సంగతి ఎన్నో మాటలు చెప్పలేవు.

మూడోది ఆలోచనల మరమ్మతు. "నొప్పి వచ్చింది, ఇక నేను చచ్చిపోతాను" అనే తలపు ఊపిరి బిగబట్టిస్తుంది, కండరాలను బిగిస్తుంది, నొప్పిని పెంచుతుంది. నెమ్మదిగా శ్వాస తీయడం, కండరాలను వదులు చేయడం, గతంలో ఎన్ని దాడులు దాటామో గుర్తు చేసుకోవడం నేర్పే పద్ధతులను 1990 దశకంలో లండన్‌లో సికిల్ సెల్ రోగుల మీద ప్రయోగించారు. కొంత మేలు కనిపించింది. ఇంతవరకు జరిగిన పరిశోధనలు కొద్దివి, చిన్నవి కనుక ఇదే సర్వరోగ నివారిణి అనడం తగదు. ఇది మందుకు తోడే కాని మందుకు బదులు కాదు. తీవ్రమైన నొప్పికి తగిన మందు పొందడం రోగి హక్కు.

నాలుగోది, నోరు విప్పలేని విషయాలకు చోటు కల్పించడం. ఈ వ్యాధి ఉన్న పురుషులలో కొందరికి మర్మాంగంలో గంటల తరబడి నొప్పితో కూడిన బిగువు కలుగుతుంది. అది వైద్య అత్యవసర పరిస్థితి. నాలుగు గంటలు దాటితే శాశ్వత నష్టం జరగవచ్చు. సిగ్గుతో దాచిపెట్టేవారే ఎక్కువ. స్త్రీలకు గర్భం గురించిన భయం. అందరికీ ఆయుష్షు గురించిన భయం. ఎవరైనా అడిగితేనే ఇవి బయటికి వస్తాయి. "బతకాలని లేదా?" అని సూటిగా, దయగా అడగడం వల్ల ఆత్మహత్య ఆలోచన కొత్తగా పుట్టదు. చాలాసార్లు అది ఆ మనిషి ఎదురుచూస్తున్న ప్రశ్న.

చెప్పేది ఎవరు?

ఇంతా చదివి పాఠకులు అడగవచ్చు: అడవిలో మనస్తత్వ నిపుణులు ఎక్కడి నుంచి వస్తారు?

నిపుణులే రానక్కరలేదని మన దేశంలో జరిగిన పరిశోధనలే చెబుతున్నాయి. గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్, ఆయన సహచరులు మానసిక వైద్యంలో పట్టాలు లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారితో ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుని మాట్లాడించారు. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం, మూడు నెలలకు అలా సహాయం పొందినవారిలో 64 శాతం, పొందనివారిలో 39 శాతం కుంగుబాటు నుంచి బయటపడ్డారు. జింబాబ్వేలో 2006 నుంచి డాక్టర్ డిక్సన్ చిబాండా శిక్షణలో అవ్వలు ఆరోగ్య కేంద్రం ఆవరణలో చెక్క బెంచీ మీద కూర్చుని, వచ్చినవారి కష్టసుఖాలు విని దారి చూపుతున్నారు. ఆ బెంచీ పేరు "స్నేహ పీఠం". దాని వల్ల కలిగే మేలు 2016లో శాస్త్రీయంగా రుజువయింది.

ఛత్తీస్‌గఢ్‌కు ఇటువంటి పీఠం వేయడం కష్టం కాదు. మనుషులు ఇప్పటికే ఉన్నారు. ఆ ప్రాంతంలో ఇద్దరు ఆడపిల్లలు ఆచారపూర్వకంగా స్నేహం కట్టుకుంటే, జీవితాంతం ఒకరికొకరు "మితానిన్" అవుతారు. రక్తసంబంధం లేకపోయినా ఇంటి మనిషి వంటిదే ఆ చెలిమి. 2002లో రాష్ట్ర ప్రభుత్వం ప్రతి పల్లె నుంచి ఒక స్త్రీని ఆరోగ్య కార్యకర్తగా ఎంపిక చేసినప్పుడు ఆమెకు ఆ పేరే పెట్టింది. 2005లో దేశమంతటా వచ్చిన ఆశా కార్యకర్తల వ్యవస్థకు స్ఫూర్తినిచ్చినది ఆ పథకమే. నేడు సుమారు డెబ్బై వేల మంది మితానిన్‌లున్నారు. వారు పల్లె భాష మాట్లాడతారు. ఎవరింట్లో పొయ్యి వెలగలేదో వారికి తెలుసు. బస్తరు జనం తప్పకుండా వచ్చే వారపు సంతల్లోనే 2019 నుంచి వైద్య శిబిరాలు కూడా నడిపారు. రక్తపరీక్షకు చోటు దొరికిన సంతలో పది నిమిషాల మాటకు చోటు దొరకదా?

దారి చూపినవారు లేకపోలేదు. బిలాస్‌పూర్ దగ్గర గనియారీలో జన స్వాస్థ్య సహయోగ్ సంస్థ ఒకే జబ్బు ఉన్నవారిని పల్లెల్లో ఒకచోట చేర్చి మాట్లాడించే పద్ధతి అలవాటు చేసింది. సికిల్ సెల్ రోగులు అందులో ఉన్నారు. తనలాంటి మనిషిని మొదటిసారి చూసిన రోగికి కలిగే ధైర్యం ఏ ఉపన్యాసమూ ఇవ్వలేదు. నీలగిరుల్లో గూడలూరు ఆదివాసి ఆసుపత్రిలో నర్సులు, ఇంటింటికీ వెళ్లే కార్యకర్తలు ఆదివాసులే. అక్కడ ఈ జబ్బుకు ఏళ్లుగా సమగ్ర చికిత్స సాగుతున్నది. హైదరాబాదులో తలసీమియా, సికిల్ సెల్ రోగుల కోసం 1998లో ఒక సొసైటీయే ఏర్పడింది.

బస్తరులో ఇంకొక మనిషిని మరువరాదు. జబ్బు చేస్తే చాలా కుటుంబాలు మొదట వెళ్లేది దేవత పూనే సిరహా దగ్గరికి. అతడు రోగిని కూర్చోబెట్టి, కుటుంబమంతటినీ పిలిపించి, ఎప్పుడు మొదలయిందని అడుగుతాడు. అతని పూజ కొడవలి కణాన్ని గుండ్రం చేయలేదు. కాని అతడు వింటాడు. ఆసుపత్రి అతన్ని ఎగతాళి చేస్తే రోగిని కోల్పోతుంది. "పూజ చేయండి, మాత్ర ఆపవద్దని మీరూ చెప్పండి" అని అతనితో మాట కలిపితే రోగిని నిలుపుకుంటుంది.

ఇంట్లో మనం చేయదగినవి

చట్టం కొంత తోడ్పడుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సికిల్ సెల్, తలసీమియా, హీమోఫీలియాలను వైకల్యాల జాబితాలో చేర్చింది. నలభై శాతానికి తగ్గని వైకల్యం నిర్ధారణ అయితే ఉన్నత విద్యలో ఐదు శాతం సీట్ల కోటా వర్తిస్తుంది. ఉద్యోగాల్లో నాలుగు శాతం కోటాలో మాత్రం రక్త రుగ్మతలకు చోటు లేదు. వయోజనులను ఎక్కువగా వేధించేది సంపాదన చింతే కనుక ఈ లోటు చిన్నది కాదు.

2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. తెలుగులో, హిందీలో మాట్లాడేవారు ఉంటారు. ఖర్చు లేదు. జ్వరం, రొమ్ము నొప్పి, ఆయాసం, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం, మాట తడబడడం కనిపిస్తే మాత్రం ఫోన్లతో కాలం వృథా చేయక రోగిని వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

తక్కినది ఇంటివారి పని. నొప్పి తగ్గి లేచిన మనిషిని "ఇప్పుడు బాగానే ఉన్నావుగా" అని దెప్పవద్దు. పనికి పోలేని రోజున కూర్చుని చేసే పని ఏదైనా అతని చేతికివ్వండి. తాను ఇంటికి బరువు కాననే ఎరుక కలుగుతుంది. పెళ్లి, బిడ్డలు, చదువు గురించి నిర్ణయాలు తీసుకునేటప్పుడు ఆ మనిషిని పక్క గదిలో ఉంచి మాట్లాడవద్దు. మాత్రలు వేసుకోవడం గుర్తు చేయండి, కాపలా కాయవద్దు.

వ్యాధిని మూలంలోనే సరిదిద్దే జన్యు చికిత్సకు 2023 చివర బ్రిటన్, అమెరికా అనుమతినిచ్చాయి. అమెరికాలో దాని ధర మనిషికి 22 లక్షల డాలర్లు. అది దంతేవాడ పల్లెకు చేరే రోజు రావాలని కోరుకుందాం. ఆ లోపల అక్కడ ఎన్నో తునికాకు కాలాలు గడుస్తాయి, ఎందరో లేవలేని ఉదయాలు చూస్తారు. ఆ ఉదయాన మంచం పక్కన కూర్చుని, వారి భాషలో "ఎక్కడ నొప్పి? ఎప్పటి నుంచి? నాకు చెప్పు" అని అడిగే మనిషిని సిద్ధం చేయడానికి 22 లక్షల డాలర్లు అక్కరలేదు. కొన్ని వారాల శిక్షణ, చేసిన పనికి తగిన వేతనం, అవసరమైతే వెంటనే పిలవడానికి ఒక డాక్టరు ఉంటే చాలు.